మంచం కింది పిల్లి

నన్ను మంచి మాస్టారని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ కొందరున్నారు. కాదనడానికి నాకు నోరు రాదు, పొగిడితే చేదుగా ఉండదు కదా. ఈ ఒక్క సంగతి చదివాక కూడా అలాగే అంటే ఇక వాళ్ల ఇష్టం.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మాది జనగామ దగ్గర తరిగొప్పుల వైపు. ఉద్యోగం మహబూబాబాద్‌లో, హైస్కూల్లో లెక్కల మాస్టారుని. ఆదివారాలు అదే బడిలో ఓపెన్ పదో తరగతి వాళ్లకు కూడా లెక్కలు చెప్పేవాణ్ణి. చిన్నప్పుడు చదువు ఆపేసి, పెళ్లయి పిల్లలు పుట్టాక పది పాసవుదామని వచ్చేవాళ్లన్నమాట. ఆ ఏడాది తొమ్మిది మంది వచ్చారు.

అంతకుముందే మాకొక శిక్షణ జరిగింది. కోస్తా నుంచి వచ్చిన ఒకాయన, రానివాడికి రాదని చెప్పకండి, ఇంకా రాలేదని చెప్పండి, వాడే నేర్చుకుంటాడు అని మూడు రోజులు ఊదరగొట్టాడు. నేను లేచి "గట్లంటె అందరికి వస్తది అంటరా సార్?" అని అడిగాను. ఆయన నా మాటను రెండుసార్లు సాగదీసి పలికి హాలంతా నవ్వించాడు. ఆయన చెప్పింది నచ్చింది గానీ ఆ మనిషి మాత్రం నాకు ఈ రోజుకీ నచ్చడు.

ఆయన చెప్పిందాన్ని మన మాటలోనే చెప్పి చూపిస్తానని పంతం పట్టాను. అప్పుడప్పుడే నెట్ సెంటర్లలో పిల్లుల ఫొటోలు కనిపిస్తున్నాయి, కింద ఎవరెవరో ఇంగ్లీషులో జోకులు రాసినవి. వాటిని ప్రింటు తీయించి, ఇంగ్లీషు మీద తెల్ల కాగితం అంటించి, స్కెచ్ పెన్నుతో మన మాట రాసేవాణ్ణి. గోడ మీది నుంచి బొక్కబోర్లా పడుతున్న పిల్లి కింద "దునుకుడు వచ్చింది. దిగుడు ఇంకా రాలేదు." చెంబులో తల ఇరుక్కున్న పిల్లి కింద "పెట్టుడు మేమే నేర్చుకున్నం, తీసుడు గూడ నేర్చుకుంటం." సున్నా వచ్చినవాళ్ల పేపరుకు గుండ్రంగా చుట్టుకుని పడుకున్న పిల్లిని పిన్ను చేసి "సున్నా అయినా సక్కగ చుట్టినవ్" అని రాసేవాణ్ణి.

మొదట్లో బజారులో పెద్ద కిరాణా కొట్టున్న షావుకారు కోడలు మూతి ముడిచింది. "పరీక్షకు పొయ్యేటోళ్లకు పిల్లినెదురు పెడ్తరా సార్, అపశకునం గాదా?" అంది. అలవాటయ్యాక ఆమే ముందు నవ్వేది. నవ్వుతూ నవ్వుతూ తొమ్మిది మంది భిన్నాల దాకా వచ్చేశారు. నాకు కొమ్ములు మొలిచాయి.

ఆ తొమ్మిది మందిలో ఒకామె గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చేది. అక్కడి అంగన్‌వాడీలో ఆయమ్మ. పద్నాలుగేళ్లుగా ఊడ్చేది, వండేది, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని ఎత్తుకొచ్చేది ఆమే. టీచరుకు లంబాడీ భాష రాదు కాబట్టి పిల్లలకు పాటలూ మాటలూ నేర్పేదీ ఆమే. ఆ టీచరు రిటైరై దిగిపోతోంది. వేసవి దాటేలోపు పది పాసైన మెమో తెస్తే నీ పేరే పంపుతా, లేదంటే బయటివాళ్లను తీసుకుంటారు, నీకు వయసు కూడా దాటిపోతుంది అని సూపర్‌వైజరమ్మ కచ్చితంగా చెప్పింది. మిగతా పేపర్లన్నీ అంతకుముందే గట్టెక్కింది. లెక్కలొక్కటే మిగిలింది.

ఆమెకు పదమూడో ఎక్కం దగ్గర నోరు ఆగిపోయేది. ఆమె నోటు పుస్తకానికి కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లిని అంటించి "ఆగిన, అంతే. సావలేదు" అని రాశాను. చూసి కళ్లలో నీళ్లొచ్చేంత నవ్వింది. "గీ పిల్లి నా లెక్కనే ఉన్నది సార్" అంది. యాభై మంది పిల్లలకు ఉప్మా రవ్వ ఎంత పడుతుందో చేత్తో చెప్పగలిగిన మనిషికి నిష్పత్తులు నేనేం నేర్పాలి? ఆమె చేతికి తెలిసిందే కాగితం మీద పెట్టించాను. పరీక్ష నెల వచ్చేసరికి ఆమె తప్పకుండా పాసవుతుందని నాకు తెలుసు. ఆ మాట ఆమెతో కూడా అన్నాను.

లెక్కల పరీక్ష రోజునే బంద్ వచ్చింది. స్టేషన్ రోడ్డులోని దీక్షా శిబిరంలో నేనూ రోజూ కూర్చునేవాణ్ణి. పెద్దమనుషులు స్పష్టంగానే చెప్పారు: "పరీక్షలను ముట్టొద్దు సార్, రాసేటోళ్లను రాయనియ్యుండ్రి." నేను తలూపాను. ఊపి ఇంటికొచ్చి, మా సెంటరు మొత్తం పరీక్షను బహిష్కరిస్తుందని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. ఎవరూ అడగలేదు. పిల్లుల మాస్టారుగా వచ్చిన పేరు చాలక, ఉద్యమ మాస్టారుగా కూడా పేరు కావాలనిపించింది.

పరీక్షకు ముందు ఆదివారం ఒక కొత్త బొమ్మ తెచ్చాను. మంచం కింద దాక్కున్న పిల్లి, తోక మాత్రం బయటికి కనిపిస్తోంది. కింద "తెలంగాణ వచ్చినంక పిలువుండ్రి, బయటికొస్త" అని రాశాను. పరీక్షకు పోయేవాళ్లు ఈ పిల్లి జాతే అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆయమ్మ నవ్వలేదు.

తరగతి అయ్యాక ఆగి అడిగింది. "సార్, నాది ఒక్కటే పేపర్. గిప్పుడు రాయకుంటె మల్ల ఎప్పుడు?"

"ఇంకోసారి రాస్తవ్. పడుడు, లేసుడే గదా మనం నేర్చుకున్నది? రాష్ట్రం వచ్చినంక నీ ఉద్యోగం నీ తండాకే నడుసుకుంట వస్తది."

ఎంత తేలిగ్గా అన్నానో! ఆమెకు గడువుందని తెలిసీ అన్నాను. ఆమె బాగుపడాలని నేర్పిన మాటనే ఆమె నోరు మూయించడానికి వాడాను. ఆమె కొంగు సరిచేసుకుని, "మీరు చెప్తె సరే సార్, నేను మంచం కింద దాగను" అని వెళ్లిపోయింది.

బంద్ రోజు బస్సుల్లేవు. తెల్లవారకముందే బయల్దేరి, కొంత దూరం ఎవరిదో ట్రాక్టరెక్కి, మిగతాది నడిచి వచ్చింది. కాళ్లు మోకాళ్ల దాకా ఎర్రగా దుమ్ము కొట్టుకుపోయాయి. హాల్‌టికెట్ జాకెట్లో దోపుకుంది, ఎందుకు తెచ్చావని నేను అడగలేదు. పరీక్ష జరిగే మా బడి గేటు ముందు ఒక అట్ట మీద నినాదం రాసి ఆమె చేతికిచ్చాను. మిగతా ఎనిమిది మంది కోసం చూశాం. ఎవరూ రాలేదు.

వాళ్లు వెనక గేటు నుంచి లోపలికి పోయారు. షావుకారు కోడలి పచ్చ చీర వరండాలో కనిపించింది, నేను చూశాను. ఆదివారం పగలబడి నవ్విన ఎనిమిది మందీ బుద్ధిగా బెంచీల మీద కూర్చున్నారు. నా మాట నమ్మింది ఈమె ఒక్కతే.

మొదటి గంట కొట్టారు. ఆ తర్వాత అరగంట వరకు లోపలికి రానిస్తారు, ఆ నియమం నాకు తెలుసు, ఆమెకు తెలియదనుకున్నాను. పో అంటే పోయేది. కానీ విలేకరి ఫొటోకు వస్తానన్నాడు, ఇంకా రాలేదు. ఆమె కూడా లోపలికి పోతే గేటు ముందు నేనొక్కణ్ణే వెర్రివాడిలా మిగులుతాను. అందుకని నోరు మెదపలేదు. అరగంట దాటింది, గేటుకు తాళం పడింది. అప్పుడొచ్చాడు విలేకరి.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. నా మొహం నిండుగా వచ్చింది. ఆమెది అట్ట పట్టుకున్న చెయ్యీ, సగం చెవీ. ఫలితాలొచ్చాక షావుకారు కోడలు మిఠాయి డబ్బా తెచ్చింది. రెండు తిన్నాను.

మరుసటి ఏడు ఓటరు జాబితా పని మీద ఆ తండాకు నన్నే వేశారు. జాబితా అంగన్‌వాడీలో చదవాలి. కొత్త టీచరు పక్క ఊరి పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి. పిల్లలు ఏం మాట్లాడుతున్నారో ఆమెకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. "ఏయ్, సార్ కోసం కుర్చెయ్యి. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని లోపలికి అరిచింది. కుర్చీ పట్టుకుని ఆయమ్మ వచ్చింది. ఏడాదిలోనే జుట్టు ముందంతా నెరిసింది. నన్ను చూసి, "మా సారే, టీచరమ్మా. నాకు లెక్కలు చెప్పిండు" అంది, నిజంగా గొప్పగానే.

ఆమె నన్ను తిట్టినా బాగుండుననిపించింది. టీచరు పిల్లల్ని తీసుకుని బయటికి పోయాక, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "ఈసారి ఫీజు కట్టు. నేను వచ్చి చెప్త."

"ఇంక దేనికి సార్" అంది. నీళ్ల గ్లాసు నా పక్కన పెట్టి, కింద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే అంది. "ఆ దినం మన ఎనిమిది మంది లోపటికి పొయ్యింది నేను గూడ చూసిన సార్. నువ్వు గూడ పో అని మీరు ఒక్క మాట అంటరని, గేటుకు తాళమేసేదాక మీ మొఖమే చూసుకుంట నిలబడ్డ."

నిలబడింది. ఆ అరగంటా నేను విలేకరి వచ్చే దారి వైపు తిరిగి నిలబడ్డాను. జాబితా మీద సంతకం పెట్టి బండెక్కాను.