గోల్‌కీపరుకు శాలువా

రెండు వేల సంవత్సరం పుట్టిన క్షణాన విమానాలు జామకాయల్లా రాలిపడతాయనీ, బ్యాంకుల్లో డబ్బంతా ఆవిరైపోతుందనీ ప్రపంచం వణుకుతున్న రోజులవి. ఆ ప్రళయం రాలేదని మీకు తెలుసు. కానీ అంతకు కొద్ది వారాల ముందే అడిలైడ్‌లో ఒక ప్రళయం వచ్చింది. అది మీకు తెలియదు. దాన్ని ఏ కంప్యూటరూ తేలేదు. ఒక మైకు, ఒక శాలువా, ఒక ఫుట్‌బాలు సాయంతో నేనొక్కణ్ణే తెచ్చాను.

అప్పట్లో నా నడుము ఇప్పటిలో సగం, నోరు ఇప్పటికి రెట్టింపు. మాసన్ లేక్స్ టెక్నాలజీ పార్కులో ఒక కంపెనీలో వైటూకే ఉద్యోగం. అంటే పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోటల్లా వెతికి నాలుగంకెలు చేయడం. తణుకులో మా వీధివాళ్ళకు ఫోను చేసినప్పుడు మాత్రం ఆస్ట్రేలియా ఖండం సముద్రంలో మునగకుండా భుజం అడ్డుపెట్టి ఆపుతున్నది నేనే అన్నట్టు చెప్పేవాణ్ణి.

ఆ పనిలో ఉన్నది ఇద్దరం. నేనూ, హైదరాబాదు మల్లేపల్లి నుంచి వచ్చిన సలీమూ. మా మీద మేనేజరు డంకన్. స్కాట్లాండు మనిషి. ఎత్తు చూస్తే గుమ్మం సరిపోదు, మాట వినాలంటే వారం ఆగాలి. జనవరి దాటాక మా ఇద్దరిలో ఒక్కరికే ఇక్కడ పని ఉంటుందనీ, ఆ ఒక్కరు ఎవరన్నది తానే తేలుస్తాననీ ఆయన ముందే చెప్పేశాడు. పని పోతే వీసా పోతుంది. వీసా పోతే తణుకే. ఖండాన్ని ఆపిన వీరుడు ఏ ముఖం పెట్టుకుని తణుకులో బస్సు దిగుతాడో మీరే చెప్పండి.

డంకన్ బల్ల మీద ఒక పాత ఫొటో ఉండేది. బురదలో ముంచి తీసిన గోల్‌కీపరు బొమ్మ. బురద తీసేస్తే లోపల డంకనే. ఒకరోజు టీ కప్పుతో ఆ పక్కకు జరిగాను.

"సార్, మీరు ఫుట్‌బాల్ ఆడేవారా?" సార్ అనొద్దని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నా నాలుక వినేది కాదు.

"ఏదో, కొంచెం."

"స్కాట్లాండు లీగ్‌లోనా?"

"లీగ్‌లోనే. అన్నిటికన్నా కింది డివిజన్. వారమంతా చేపల ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం, శనివారం మ్యాచ్. తొమ్మిది సీజన్లు అలాగే గడిచిపోయాయి."

ఫుట్‌బాల్ గురించి అప్పటికి నాకున్న పరిజ్ఞానం ఒక్కటే, బంతి గుండ్రంగా ఉంటుందని. కనుక 'స్కాట్లాండు', 'లీగ్', 'తొమ్మిది సీజన్లు' అన్నవి మాత్రం నా బుర్రలోకి ఊరేగింపుగా వెళ్ళి సింహాసనం మీద కూర్చున్నాయి. కింది డివిజనూ, చేపల ఫ్యాక్టరీ రెండూ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

"అరె మూర్తీ, ఆఖరి డివిజన్ అంటే ఏందో ఎరికేనా నీకు?" అన్నాడు సలీం. "మా మల్లేపల్లి గల్లీ టీమే జర గట్టిగుంటది."

"నీకు కుళ్ళు."

"కుళ్ళు కాదు భయ్యా. నేను ఫుట్‌బాల్ చూసినోణ్ణి. నువ్వు వినుడే తప్ప చూడలే."

సరిగ్గా అదే వారం మా తెలుగు సంఘం అధ్యక్షులు ప్రభాకరం అంకుల్ దీపావళి సభకు ముఖ్య అతిథి కోసం గాలిస్తున్నారు. ఆయన దంతవైద్యులు. ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి చూడరు, పళ్ళలోకి చూస్తారు.

"ఏమోయ్ మూర్తీ, మళ్ళీ ఆ కౌన్సిలరేనా? సమోసా అంటే తనకెంత ఇష్టమో ఏటేటా అదే స్పీచ్. దిస్ టైమ్ సమ్‌బడీ బిగ్ కావాలయ్యా."

"అంకుల్, నా చేతిలో ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్ ప్లేయర్ ఉన్నాడు. మా మేనేజరే."

"ఇంటర్నేషనలా? ఆర్ యూ ష్యూర్?"

"స్కాట్లాండు ఇంకో దేశమే కదా అంకుల్!"

ఆయన అక్కడికక్కడే ఆహ్వానపత్రంలో పేరు రాసేసుకున్నారు. నా లెక్క మరీ తేలిక. శాలువా కప్పితే కరగని మనిషి భూమ్మీద లేడు. కరిగిన మేనేజరు తనకు శాలువా కప్పించినవాణ్ణి ఇంటికి పంపడు. సలీం ఎంత బాగా పనిచేస్తే మాత్రం ఏం, వాడి దగ్గర శాలువా లేదుగా.

డంకన్‌ను ఒప్పించడం మొదట కష్టమే అయింది.

"సన్మానం చేసేంత పని నేనేమీ చేయలేదు మూర్తీ."

"భోజనం ఉంటుంది సార్. గుత్తివంకాయ, పులిహోర, గులాబ్‌జామ్."

"ఎన్నింటికి రమ్మంటావు?"

పరిచయ ప్రసంగానికి వివరాలు కావాలని కలం తీశాను. "మీకు మరపురాని మ్యాచ్ ఏది సార్?"

"మరిచిపోదామని చూస్తున్నది ఒకటుంది. మా మీద పదకొండు గోల్స్ వేశారు. ఆ రోజు గాలి కూడా వాళ్ళ పక్షానే ఆడింది."

"మ్యాచ్‌లకు జనం ఎంతమంది వచ్చేవారు?"

"గొర్రెలతో కలిపా, గొర్రెలు కాకుండానా?"

ఈ మనిషికి తనను తాను అమ్ముకోవడం తెలియదని జాలిపడి, ఆ బాధ్యత కూడా నేనే తలకెత్తుకున్నాను.

సభ ఆదివారం ఆర్వోలో, అంటే ఇక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం పూట, ఒక బడి హాల్లో. పట్టుచీరలు, సిల్కు లాల్చీలు, గులాబ్‌జామ్ వాసన. డంకన్ వేదిక మీద. ఆయన భార్య ఫియోనా ముందు వరసలో. మైకు నా చేతిలో. కోతికి కొబ్బరికాయ కాదు, ఏకంగా కొబ్బరితోట దొరికింది.

"సోదర సోదరీమణులారా! తుఫాను గాలుల్లో, జోరువానల్లో, వేల కళ్ళు తన మీదే నిలిచి ఉండగా," అని అతిథులకు అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే ఎత్తుకున్నాను. గొర్రెల కళ్ళు కూడా కలిపాననుకోండి. "ఒకే మ్యాచ్‌లో శత్రువులు పదకొండుసార్లు విరుచుకుపడినా, చివరి విజిల్ మోగేదాకా కోట వదలని వీరుడు ఈయన!"

గమనించారా, ఇందులో ఒక్క అబద్ధం లేదు.

డంకన్ ముందుకు వంగి నా చెవిలో గొణిగాడు. "మూర్తీ, ఆ పదకొండూ లోపలికే వెళ్ళాయి."

"చూశారా వినయం!" అన్నాను మైకులో. హాలంతా చప్పట్లు.

ఆయన ముఖం ఎర్రబడింది. గర్వం కాబోలు అనుకున్నాను. ఫియోనా కళ్ళవెంట ధారగా నీళ్ళు, భుజాలు కదిలిపోతున్నాయి. ఆనందబాష్పాలు అనుకున్నాను. ఆ ఇద్దరినీ చూసి నాకు పూనకం వచ్చింది.

"ఆయన నిలబడితే అది గోల్‌పోస్టు కాదు, గోవర్ధనగిరి! ఆ కొండను దాటిన బంతి ఇంకా తయారుకాలేదు! తెలుగువారి తరఫున ఈ మహావీరుడికి 'గోల్ గోవర్ధన' బిరుదు!"

శాలువా కప్పాం. గజమాల వేశాం. తలకు జరీ పాగా చుట్టాం. చేతిలో ఇత్తడి నటరాజును పెట్టాం. అక్కడితో భోజనాలకు లేచిపోతే ఈ జ్ఞాపకం సుఖాంతమయ్యేది. కానీ ప్రభాకరం అంకుల్‌కు ఆవేశం వచ్చి మైకు లాక్కున్నారు.

"ఇంత గ్రేట్ ప్లేయర్ మన మధ్య ఉండగా ఆయన ఆట చూడకుండా అన్నం తింటామా? బయట ఓవల్ ఉంది, బంతి ఉంది. ఒక్కొక్కరూ ఒక్కో కిక్! ఈ కొండను ఎవరు దాటుతారో చూద్దాం, కమాన్!"

ఇది నా కార్యక్రమంలో లేదు. వెనకనుంచి సలీం నా భుజం తట్టాడు. "ఇగ జూస్కో భయ్యా."

ఇక్కడి బడుల్లో ఓవల్ అంటే ఆటస్థలం, అందులో వీళ్ళ సొంత ఫుట్‌బాల్‌కు కొబ్బరిచెట్లంత ఎత్తు స్తంభాలు పాతి ఉంటాయి. వాటిలో నడిమి రెంటి మధ్యా శాలువాతో, పాగాతో డంకన్ నిలబడ్డాడు.

"సార్, ఆపగలరు కదూ?" అన్నాను.

"నా మోకాళ్ళు రెండూ స్కాట్లాండులోనే వదిలేసి వచ్చాను మూర్తీ," అన్నాడు ప్రశాంతంగా.

మొదటి కిక్ ప్రభాకరం అంకుల్‌ది. పంచె ఎగగట్టి, పరుగెత్తుకొచ్చి తన్నారు. బంతి ఒకవైపు, కాలిచెప్పు ఇంకోవైపు లేచాయి. తొమ్మిది సీజన్ల అనుభవం ఒక్కసారిగా మేలుకుంది. డంకన్ చేపలా గాలిలోకి ఎగిరి అద్భుతంగా పట్టుకున్నాడు, చెప్పును. బంతి మాత్రం పెళ్ళిపీటల మీదికి వచ్చే పెళ్ళికూతురిలా మెల్లగా, తల వంచుకుని, స్తంభాల మధ్యనుంచి వెళ్ళిపోయింది.

"గోల్!" అని జనం ఓవల్ అదిరేలా అరిచారు.

తర్వాత రత్నం ఆంటీ, అంటే ప్రభాకరం అంకుల్ సతీమణి, కంచిపట్టు కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, పులిహోర గరిటె ఇంకో చేత్తో పట్టుకుని తన్నింది. గోల్. ఆ తర్వాత క్యూ కట్టారు. కార్డియాలజిస్టు, గోల్. అకౌంటెంటు, గోల్. జన్మలో బంతి ముట్టని సంస్కృతం ప్రొఫెసరు, గోల్, అదీ మడమతో.

"ఏమయ్యా మూర్తీ," అంది రత్నం ఆంటీ గరిటె ఊపుతూ, "నువ్వేమో కొండ అన్నావు. నాకు దారి బాగానే కనిపించిందే!"

కళ్ళ ముందు తణుకు బస్టాండు కదలాడింది. ఒక్క బంతి, ఒకే ఒక్క బంతి ఆయన ఆపితే పరువు దక్కుతుంది. ఆ బంతి నేనే వేస్తాను. తిన్నగా ఆయన చేతుల్లోకి, పసిపాపను అందించినట్టు.

గురి చూశాను. శ్వాస బిగించాను. తన్నాను.

బంతి స్తంభానికి తగిలింది. అక్కణ్ణుంచి తిరిగొచ్చి డంకన్ ముక్కుకు తగిలింది. పాగా జారి ఆయన కళ్ళు మూసింది. ఆయన గుడ్డిగా చేతులు చాచి వెనక్కి పడుతుంటే, ఆ చేతులకే తగిలి బంతి లోపలికి వెళ్ళింది. ఒక్క తన్నుతో నేను గోల్ వేశాను, మేనేజరును కూల్చాను, వీసాను తగలబెట్టాను.

ఫియోనా పొట్ట పట్టుకుని గడ్డి మీద కూలబడింది. "ఆ పదకొండు గోల్స్ రోజున నేనక్కడే ఉన్నాను," అంది ఊపిరి అందక. "అదేం లెక్క! ఇది చూడకపోతే నా జన్మే వృథా!"

డంకన్ లేచాడు, ముక్కు తడుముకున్నాడు, నటరాజును చంకలో పెట్టుకున్నాడు, గులాబ్‌జామ్ పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం ఆయన ముక్కు వంకాయలా ఉంది. ఆ తర్వాత వారాల తరబడి ఉద్యోగం ఊసే ఎత్తలేదు. "తణుకు బస్సు టైమింగులు కనుక్కో భయ్యా," అనేవాడు సలీం మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ.

జనవరి వచ్చింది. ఏమీ జరగలేదు. ఒక్క విమానమూ రాలలేదు. మా బిల్డింగులో లిఫ్టు కూడా, అది మామూలుగానే వారానికోసారి ఆగేది, ఆ వారం ఆగలేదు. డంకన్ ఇద్దర్నీ పిలిచాడు.

"సలీం, నీ పని శుభ్రంగా ఉంది. సిడ్నీ ఆఫీసులో కొత్త ప్రాజెక్టుకు నీ పేరు ఇచ్చాను." తర్వాత నా వైపు తిరిగాడు. "ఇక నువ్వు."

"క్షమించండి సార్, ముక్కు విషయంలో..."

"కూర్చో. ఏమీ జరగలేదు గదా, ఇన్నాళ్ళూ మీరంతా ఏం వెలగబెట్టారని హెడ్డాఫీసు అడుగుతోంది. ఏమీ జరగకపోవడమే మన ఘనత అని వాళ్ళు నమ్మేలా రిపోర్టు రాయాలి. పదకొండు గోల్స్ తిన్నవాణ్ణి కొండను చేసినవాడు ఈ భవనంలో నువ్వొక్కడివే. ఆ పనికి నువ్వు ఉంటున్నావు."

సార్ అనకుండా 'థాంక్స్, డంకన్' అన్నాను. నా జీవితంలో అది మొదటిసారి.

"ఒకే షరతు," అన్నాడు తలుపు తీస్తూ. "ఇంకెప్పుడూ నా వైపు బంతి తన్నకు."

రాశాను. 'చివరి విజిల్ మోగేదాకా కోట వదలని జట్టు' అన్న వాక్యం దగ్గర నాకే కళ్ళు చెమర్చాయి. అది చదివిన హెడ్డాఫీసువాళ్ళు డంకన్‌ను సిడ్నీకి పిలిచి, వేదిక ఎక్కించి, పెద్ద జ్ఞాపిక ఇచ్చారు. "నిజానికి నేనేమీ చేయలేదు," అన్నాడట ఆయన మైకులో. ఎంత వినయమో అని హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారట.

కనుక పాఠకులారా, డంకన్ ముక్కు మీద ఒట్టేసి, ఆయన ఇంట్లో టీవీ మీద ఇప్పటికీ నాట్యమాడుతున్న నటరాజు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా మైకు పట్టి మరో మనిషిని కొండను చేయను. వచ్చే నెల ప్రభాకరం అంకుల్ సహస్ర చంద్ర దర్శనానికి పరిచయ వాక్యాలు చెప్పమని రత్నం ఆంటీ బతిమాలుతోంది కాబట్టి, ఆయన్ను మాత్రం ఒక చిన్న గుట్ట దాకా తీసుకెళ్ళి వదిలేస్తాను.