అప్పన్న అతికిన తాడు

రెండో శనివారం పొద్దున్న ఆరు నలభైకి విజయనగరంలో పాసింజరు ఎక్కాను. చీపురుపల్లికి ముప్పావుగంట. సంచిలో నేను కుట్టిన నడుము బెల్టు, కత్తెర, ఇడ్లీ పొట్లం ఉన్నాయి. నాది బ్యాగులు కుట్టే కొట్టు. కొండరాళ్లు ఎక్కేవాళ్లకు, తాడు తగిలించుకునే బెల్టులు కుట్టి అమ్ముదామని నా ఆశ. వాళ్లకేం కావాలో కనుక్కోకుండానే ఒకటి కుట్టేశాను, అదీ నా తెలివి! పిల్లలకు రాళ్లెక్కడం నేర్పే శామ్యూల్ మాస్టారు, ఒకసారి వచ్చి చూడమన్నారు.

నెల్లిమర్లలో ఎక్కిన జూట్ మిల్లు కార్మికుడొకాయన బెల్టు చూసి, "ఏటది, ఎద్దుకా?" అన్నాడు. రాయెక్కే మనిషికి అన్నాను. "కిందున్న పనులన్నీ అయిపోనాయేటి?" అని కళ్లు మూసుకున్నాడు.

స్టేషను నుంచి కొండకు ఆటోలో ఇరవై నిమిషాలు. మాస్టారితో పాటు డిగ్రీ చదివే నూకరత్నం, ఆమె తండ్రి అప్పన్న ఉన్నారు. వాళ్లది శ్రీకూర్మం దిగువన సముద్రపు ఒడ్డు, చేపలవేట. కూతురు రాయెక్కడం అప్పన్న చూడ్డం అదే మొదలు.

ఏం ఇబ్బందులున్నాయని అడగడమే ఆలస్యం, నూకరత్నం అందుకుంది. "బూట్లు మొగోళ్ల కాళ్లకే సేస్తారండి. రెండు సాక్సులేసినా లోపల కాలు తిరిగిపోతాది. బెల్టు జారిపోతాది. పట్టు జారకుండా సేతులకి రాసుకునే ఈ పొడి సూడండి, మా ఊరి గాలికి ముద్దైపోనాది. మార్సమంటే, తెరిసిన పేకెట్టు తీసుకోరట!" అన్నీ రాసుకున్నాను.

తర్వాత ఆమె తన తాడు తీసింది. మాస్టారు దాన్ని జానెడు జానెడు తడుముతూ పోయి మధ్యలో ఆగారు. అక్కడ నీలం వలదారంతో అల్లిన అతుకు. కుట్టుపని నా వృత్తి, అంత నీటైన పని నేనెరగను.

"తాడు రాయికి ఒరుసుకుని నూగు లేసిపోనాదని ఆ ముక్క కోసేసి నానే అతికినాను," అన్నాడు అప్పన్న గర్వంగా. "ఇలాటి అతుకు మీద తుపాన్లో నా పడవ నిలబడ్డాది."

"పడవకి సరే అప్పన్నగారూ. మనిషి జారి ఒక్కసారిగా బరువు పడితే ఊడిపోతుంది. అతికిన తాడుతో ఎవర్నీ ఎక్కనివ్వనండి," అన్నారు మాస్టారు.

అప్పన్న ముఖం మాడిపోయింది. "రెండుసార్లు దీంతోనే ఎక్కినాది గదా!"

మాస్టారు నూకరత్నం వైపు తిరిగారు. ఆమె తల దించుకుంది. "మీరు లేనప్పుడండి. అయ్య రెండు రోజులు కూకుని అల్లినాడు. వద్దని ఎలా సెప్పీది?"

నా బెల్టు మీదా అనుమానం మొదలైంది. బెల్టు తీసి మాస్టారికిచ్చాను. తిరగేసి, కుట్టు లాగి చూశారు. "బ్యాగు మొయ్యడానికి బ్రహ్మాండం. మనిషిని మొయ్యదండి," అన్నారు. భలే సిగ్గేసింది.

"నీదీ పోనాదా బావూ?" అన్నాడు అప్పన్న. పోయిందన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

నూకరత్నం మాస్టారి తాడు కట్టుకుని ఎక్కింది. పైన కొక్కెంలోంచి తిరిగి కిందికొచ్చిన తాడును మాస్టారు పట్టుకుని, వెనక కొస అప్పన్న చేతికిచ్చారు. సగం ఎత్తులో వదులు బూటులో కాలు తిరిగి ఆమె జారింది. తాడు బిగిసింది.

"అయ్యా!"

"నానున్నాను. సూసి ఎక్కు."

ఆమె పైకి చేరేదాకా ఆయన రెప్ప వెయ్యలేదు.

మధ్యాహ్నం స్టేషను బయట భోజనం చేశాం. శ్రీకాకుళం వైపు వాళ్ల బండి ముందు. ప్లాట్‌ఫారం మీద అప్పన్న నా కత్తెర అడిగాడు.

"ఎందుకు అప్పన్నగారూ?" అన్నాను.

"ఈ తాడు ఇంట్లో ఉంటే, నా మొకం సూసి పిల్ల మళ్లీ కట్టుకుంటాది."

అతుకు మధ్యలోకి కోశాడు. బట్టలు కోసే కత్తెర, చాలాసేపు పట్టింది. నూకరత్నం వద్దనలేదు, తాడు బిగించి పట్టుకుంది.

నా బండి మూడున్నరకి వచ్చింది. ఆ కొండకు వెళ్లాలనుకునేవాళ్లు ఎండెక్కకముందే చేరండి, నీళ్లు పట్టుకెళ్లండి. నేను మాత్రం ముందు ఆ పొడికి గాలి చొరబడని సంచి కుడతాను. నెల్లిమర్ల దాటేలోపు నా బెల్టును కోసేశాను.

"అయ్యో, కొత్తదిలాగున్నాది గదండీ!" అంది ఎదుటి సీటావిడ.

"కొత్తదేనమ్మా," అన్నాను.