చైనా కొండ మీద ముట్టిన పిట్ట

మా ఊళ్లో చైనా చూసొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. "దుబాయ్‌ల నుంచి కంపెనీవోడే ఇమానం ఎక్కిచ్చి చైనాకు తోలిండట" అని ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనున్నది దుబాయ్ కాదు, ఖతర్ అని చెప్పడం ఎప్పుడో మానేశాను. ఆ చైనా ముచ్చట ఎత్తితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

వరల్డ్ కప్ కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. నేను టవర్ క్రేన్ ఆపరేటర్‌ని. మా క్యాంప్ దోహా శివారులో, ముఐథర్ దాటాక ఉండేది. ఒక పొద్దున బాపు పోయాడని ఫోన్ వచ్చింది. నేనొక్కణ్ణే కొడుకుని, కొరివి నేనే పెట్టాలి. క్రేన్ దిగి నేరుగా ఆఫీసుకు పోయాను. మా పాస్‌పోర్టులన్నీ మందూబ్ బీరువాలో ఉంటాయి. కంపెనీ కాగితాల పనులు చూసేది అతనే. అతను సెలవులో ఉన్నాడు, తాళంచెవి అతని దగ్గరే ఉందన్నారు. సైట్ మేనేజర్ నా భుజం తట్టి, "అభీ ఛుట్టీ మాఫీ భాయ్. కాంక్రీట్ చల్ రహా హై. తూ మేరా హీరో హై" అన్నాడు. గల్ఫ్‌లో మాఫీ అంటే లేదని. మూడు రోజులు కాళ్లరిగేలా తిరిగాను. అక్కడ ఊళ్లో మా చిన్నాయన కొడుకు కొరివి పట్టాడు.

మా దిక్కు పదకొండో రోజు, మళ్లీ ఏడాదికి పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. ఆ రోజు నేను క్రేన్ క్యాబిన్‌లో ఉండగా అవ్వ వీడియో కాల్ చేసింది.

"గంటసేపాయె బిడ్డా, పిట్ట ముడ్తలేదు. చెట్ల మీద కూసున్నయ్ గని దిగుతలెవ్వు. నువ్వొక్క మాట చెప్పు."

ఎవరో ఫోన్‌ను విస్తరి దగ్గర పెట్టారు. అన్నం, కోడికూర, పక్కన బీడీల కట్ట కనిపించాయి. "బాపూ, ఏడాదికి తప్పకుండ వస్త. తినే" అన్నాను. కింద నుంచి రేడియోలో "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరుస్తున్నారు. హుక్కుకు కాంక్రీట్ బకెట్ వేలాడుతోంది. కాకి దిగలేదు. చివరికి ఆ విస్తరిని వాగులో వదిలి ఇంటికి పోయారట.

నాలుగు నెలలకు కంపెనీ కొత్తరకం క్రేన్లు కొన్నది. నడపడం నేర్చుకోవడానికి ముగ్గురిని చైనా ఫ్యాక్టరీకి పంపాలన్నారు. అందులో నా పేరు రాశారు. వీసా, టికెట్, ఎగ్జిట్ పర్మిట్ అన్నీ నాలుగు రోజుల్లో చేతిలో పడ్డాయి. బీరువా తాళంచెవి దొరికింది! అరికాలి మంట నెత్తికెక్కింది. చావుకు లేని దారి క్రేన్‌కు ఎట్లా దొరికింది? కానీ నోరు మూసుకున్నాను. అడిగితే ఏడాదికి పంపరేమోనని భయం.

అక్కడ ఒక సెలవు రోజున ఫ్యాక్టరీవాళ్లు మమ్మల్ని కొండకు తీసుకుపోయారు. దాని పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. చాలా అందమైన కొండ, అదీ నాకు కోపమే. కింద పాతకాలపు రాజు సమాధి. దానికి పోయే బాటకు రెండు వైపులా రాతి ఏనుగులు, రాతి ఒంటెలు. ఖతర్‌లో చూసిన ఒంటెలు చాలవన్నట్టు ఇక్కడా ఒంటెలే. పైన పొగమంచులో గుళ్లు. గైడ్ రాజు గొప్పలన్నీ ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. ఈ రాళ్లు మోసినవాళ్లు తమ నాయనల చావుకు పోగలిగారా అని అడగాలనిపించింది. అంత ఇంగ్లీషు నాకు రాదు.

గుడి మెట్ల పక్కన మామూలు సమాధులు కొన్ని ఉన్నాయి. ఒక కుటుంబం గడ్డి పీకి, రాయి కడిగి, పండ్లు, వండిన కోడి, సిగరెట్లు పెడుతోంది. కోడిని చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. వాళ్లు వెళ్లేదాకా ఆగి, మాకిచ్చిన డబ్బాలోని అన్నం, కోడిముక్క తీసి ఆ రాయికి కాస్త ఎడంగా ఒక ఆకు మీద పెట్టాను. పది అడుగులు వెనక్కి జరిగాను.

"దిమాక్ ఖరాబైందానే నీకు?" అన్నాడు నాతో వచ్చిన నిజామాబాద్ ఆపరేటర్. "సమాధి ఎవలదో, నాయిన ఎవలో! ఈడ కాకులు గూడ లెవ్వు గదనే!"

అతను మాట ముగించేలోపే నలుపూ తెలుపూ ఉన్న పొడుగుతోక పిట్టొకటి దిగి మెతుకు ముట్టింది. నేను ఏడవలేదు. పచ్చిబూతు తిట్టాను. సొంత ఊళ్లో అవ్వ బతిమాలినా ముట్టనిది పరాయివాళ్ల సమాధి దగ్గర ముడుతుందా? నన్ను వెతుక్కుంటూ బాపే ఇంత దూరం రావాల్సి వచ్చిందా? ఆ క్షణంలో ఆ బీరువా ఎదురుగా ఉంటే గొడ్డలితో నరికేవాణ్ణి.

తిరిగి దోహాలో దిగాం. విమానాశ్రయం బయటే మందూబ్ నవ్వుతూ పాస్‌పోర్టు కోసం చెయ్యి చాపాడు. ఇవ్వనని చెప్పాలని దారంతా అనుకున్నాను. తీరా అతని ముందు, ఏడాదికి ఇంటికి పోవాలని మాత్రం వచ్చీరాని హిందీలో చెప్పాను. "ఇన్షా అల్లా" అన్నాడు. జేబులోంచి తీసి నా చేత్తో నేనే ఇచ్చాను. కంపెనీని తిట్టినప్పుడల్లా ఆ చేతిని కూడా తిట్టుకుంటాను.

ఏడాది నాటికి స్టేడియం పైకప్పు పని నడుస్తోంది. లీవ్ మాఫీ అన్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య అంటారు. మేము ఏరు దాటించకముందే బోడి మల్లయ్యలం అయ్యాం. ఊళ్లో ఏడాది పెట్టిన రోజు క్యాబిన్‌లో ఉండగా అవ్వ ఫోన్ చేసింది. గొంతు నిండా సంతోషం.

"పెట్టంగనే ముట్టింది బిడ్డా! మేం ఎనకకు జరగకముందే దిగి తిన్నది. ఈసారి నీ కోసం ఏం చూడలేదు. ఇగ నువ్వు రంది పెట్టుకోకు."

"మంచిదే అవ్వా" అన్నాను. ఆమె మంచి కబురనుకునే చెప్పింది. చూసీ చూసీ, బాపు నా కోసం చూడటమే మానేశాడు.