టి, హెచ్ కలిసిన మాటలు

ఇంగ్లీషు మాటల మీద నాకున్నంత పిచ్చి మా ఊళ్ళో ఇంకెవరికీ లేదని ఇప్పటికీ గట్టిగా చెప్పగలను. రాష్ట్రాలు కలిసిన కొత్తలో, నేను ఏడో తరగతిలో ఉండగా, కోస్తా నుంచి మా బడికి ఇంగ్లీషు సారు వచ్చాడు. ఆయన మాట మాకు సగం అర్థమయ్యేది కాదు, మా మాట ఆయనకు అసలే కాదు. కానీ ఆయన బోర్డు మీద రెండక్షరాలు రాసి, అవి పక్కపక్కన ఉండే మాటలు చెప్పి, అర్థాలు రాయించేవాడు. ఎస్, హెచ్ అంటే షిప్, ఫిష్, షాప్. సి, కె అంటే డక్, లాక్, బ్లాక్. పక్కనున్న చిట్యాల దాటి ఎరగని నాకు ఓడ ఎట్లా ఉంటుందో ఏం తెలుసు? అయినా కొత్త మాట దొరికితే చాలు, జాతరకు పోయినంత సంబరం.

ఒకనాడు టి, హెచ్ అని రాశాడు. థ్రెడ్ అంటే దారం, క్లాత్ అంటే బట్ట అన్నాడు. నేను కూర్చున్నచోటనే ఎగిరినంత పని చేశాను. మాది మగ్గం ఇల్లు. లేస్తే దారం, పడుకుంటే బట్ట. మా ఇంట్లో వాటికి ఇంగ్లీషులో పేర్లున్నాయి, రెండు పేర్లలోనూ అవే అక్షరాలున్నాయి! ఆ పొద్దు బడి నుంచి ఇంటిదాకా ఒకటే పరుగు.

బాపు మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. రొప్పుతూనే చెప్పాను.

"దారంల ఉన్నయే బట్టల ఉన్నయా? మరి ఉండవా బిడ్డా, దారం లేంది బట్ట యాడికెళ్ళొస్తది?" అని నవ్వి, "జర కండెలియ్యి" అన్నాడు.

చిక్కంతా ఆ కండెల దగ్గరే. నూలును రాట్నం మీద చిన్న పుల్లలకు చుడితే కండె. దాన్ని దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెడితేనే బాపు చేతిలో మగ్గం ఆడేది. అమ్మకు చూపు ఆనదు, తెగిన పోగు కనిపించదు. చుట్టేది నేనే. అందుకని ఏడో తరగతి కాగానే నేను బడి మానేసి రాట్నం ముందు కూర్చోవాలని ఇంట్లో ఎప్పుడో అనేసుకున్నారు. నన్నొక మాటయినా అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. పోనీ, ఎవరిని తిట్టాలి? నేను చిట్యాల హైస్కూలుకు పోతే మగ్గం ఆగుతుందన్నది నిజమే కదా.

సారు దగ్గర ఏడ్చాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఇన్‌స్పెక్టర్ గారు వస్తున్నారమ్మా. ఆయన ముందు టి, హెచ్ మాటలు నలభై, అర్థాలతో సహా తడుముకోకుండా చెప్పు. తర్వాత మీ నాన్నగారితో నేను మాట్లాడతాను" అన్నాడు.

ఇక చూడాలి నా హడావుడి! రాట్నం తిప్పుతూనే బట్టీ పట్టాను. నాడె అటు పోతే "మౌత్", ఇటు వస్తే "నోరు". అటు "థీఫ్", ఇటు "దొంగ". అటు "థండర్", ఇటు "ఉరుము". పది మాటలకు ఒక కండె. అందులో నూలు అయిపోయేదాకా ఆ పదే తిప్పితిప్పి చెప్పేదాన్ని. అయిపోగానే బాపు చెయ్యి చాపేవాడు. కొత్త కండె ఆ చేతిలో పెట్టి, కొత్త పది అందుకునేదాన్ని. అమ్మ నవ్వీ నవ్వీ అలిసిపోయేది.

ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. తెల్లమీసాల పెద్దమనిషి. నన్ను లేపారు. "మౌత్" అన్నాను. అంతే! అర్థం రాదు. నోటి పేరే నోటికి రాలేదు! నాడె చప్పుడు ఏది? ఏం తోచక కాలితో బండ మీద టక్కుమని కొట్టాను. "నోరు!" మళ్ళీ టక్కు. "థీఫ్!" టక్కు. "దొంగ!" ఇక నన్ను ఆపేదెవరు? పది మాటలు జలజలా రాలాయి. పదోది కాగానే నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఇన్‌స్పెక్టరు ముఖం ముందు చెయ్యి చాపి, "ఇగో" అన్నాను.

తరగతి గొల్లుమంది. సారు నుదురు పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు నా ఖాళీ చేతి వంక చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"కండె, సార్."

సంగతంతా చెప్పక తప్పలేదు. ఆయన నవ్వలేదు. అరచెయ్యి చాపి, "అయితే ఇటియ్యి. ఇగ చెప్పు" అన్నాడు. ప్రతి పది మాటలకూ చెయ్యి చాపి, లేని కండెను తీసుకుని బల్ల మీద పెట్టుకున్నాడు. నలభయ్యో మాట కాగానే "షాబాష్ బేటీ!" అన్నాడు. నాకు భూమ్మీద కాలు నిలవలేదు.

సాయంత్రం సారు మా ఇంటికి వచ్చి, ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడని, నన్ను హైస్కూలుకు పంపాలని చెప్పాడు. బాపు అంతా విన్నాడు. "మీ మాట కాదనలేను గని సారూ, కండెలెవరు చుడ్తరు?" అన్నాడు. సారు లేచి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రాట్నాన్ని కాలితో తన్నాను. మా ఇళ్ళల్లో పనిముట్టుకు కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం. అట్లాంటిది తన్నాను. అమ్మ "అయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాపు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. రాట్నాన్ని లేపి నిలబెట్టి, కళ్ళకద్దుకున్నాడు. ఆ తర్వాత సెలవులన్నీ నేను తలవంచుకుని కండెలు చుట్టాను. బడి ఊసు ఎవరూ ఎత్తలేదు.

బడులు తెరిచే నాడు పొద్దున్నే అమ్మ నన్ను తట్టి లేపి, సద్దిమూట చేతిలో పెట్టి, "చిట్యాలకు నడువు" అన్నది. నిద్రమత్తులో నమ్మలేదు. బయటికి వస్తే అరుగు మీద, వాడంతా చూస్తుండగా, బాపు రాట్నం ముందు కూర్చుని ఉన్నాడు. మా వాడలో నడీడు మగవాడు కండెలు చుట్టడం నేనెన్నడూ చూడలేదు.

పక్కింటాయన ఆగి, "ఏంది బావా, ఆడోళ్ళ పని పట్టినవ్?" అని పకపకా నవ్వాడు.

"నా బిడ్డ చిట్యాల బడికి పోతాంది" అన్నాడు బాపు, నాలుగిళ్ళకు వినపడేటట్టు.

ఆయనకు చుట్టడం రాదు. కండె వదులుగా వచ్చి, నూలు పక్కకు జారిపోతోంది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, గంతులెయ్యాలనీ అనిపించింది. సరిచేద్దామని వంగి పోగు పట్టుకోబోయాను.

బాపు నా చేతిని పక్కకు నెట్టాడు. "నేను నేర్సుకుంట గని, నువ్వు పో."