రెండు గాట్ల కార్డు

సీడీలు వచ్చి క్యాసెట్లను తోసేస్తున్న రోజులవి. పలాసలో మా ఇంటి ముందుగదే స్టూడియో. మా ఆయన పెళ్ళిళ్ళకు వీడియో తీసేవారు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని మిక్సింగ్ చేసేదాన్ని.

ఒకరోజు డొంకూరు వాళ్ళ పెళ్ళి మిక్సింగ్‌లో ఉండగా తెర నిండా రంగురంగుల గీతలు వచ్చి, అంతా నల్లగా అయిపోయింది. ఆపి మళ్ళీ వేశాను. హార్డ్ డిస్కు దీపం మినుకుమంది గానీ బొమ్మ రాలేదు.

మర్నాడే ఆ పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మాయమ్మ కాలం సేసినాది సెల్లీ. ఆ పెళ్ళిలో పాట పాడినాది కదా, ఆ మనిసికి ఇంకో బొమ్మంటూ లేదు. పెద్దదినానికి ఇచ్చీగలవా?"

"ఇచ్చేస్తాలే అన్నా" అన్నాను. ఇంకేమనగలను?

అతను వెళ్ళగానే మా ఆయన తల పట్టుకున్నారు. "ఏటే, అలగ ఒప్పీసుకున్నావు? ఆ టేపుల మీద టెక్కలి పెళ్ళి తీసీసినాను. డిస్కు పోనాదంటే ఏటి సూపిత్తావు?"

డిస్కు దీపం వెలిగిందన్న ఒక్క ధైర్యంతో కంప్యూటర్ విప్పాను. తెర మీదికి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు మీది చిన్న ఫ్యాను దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉంది. చెడింది ఇదేనేమో అనిపించింది. ఆ కార్డుతో బొమ్మ ముందునుంచీ ఆగి ఆగి నడిచేది. ఎలాగూ మార్చాలి, ఇంకాస్త మంచిదే తెద్దామనుకున్నాం. అయితే కార్డులన్నీ అన్ని మదర్ బోర్డులకూ దిగవని విన్నాను. అందుకని పాతదాన్ని ఊడదీసి, తువ్వాలులో చుట్టి, ఇద్దరం విశాఖ రైలెక్కాం.

కొట్టాయన ముందుగా కొత్తరకం కార్డు చూపించాడు. పాతదాని పక్కన పెట్టి చూశాను. కింద స్లాటులో దిగే అంచుకు గాటు మా దానికి ఒక చివర ఉంటే, దీనికి ఇంకో చివర ఉంది.

"ఇది మా బోర్డులో దిగదు కదండీ?"

"దిగదమ్మా. బోర్డు కూడా మార్చేసుకోండి, హాయిగా ఉంటుంది."

మా ఆయన సరేననబోయారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "బోర్డు మారిత్తే మళ్ళీ అన్నీ ఎక్కించాల. అందులో ఆ పెళ్ళికి ఏటైనా అయితే?"

రెండు చివరలా గాట్లున్న కార్డు పాత బోర్డుకైనా కొత్త బోర్డుకైనా దిగుతుందని అప్పుడు చెప్పాడాయన. ఒకటి తీశాడు గానీ దాని మీది ఫ్యాను మరీ లావు. పక్క స్లాటులో, కెమెరా నుంచి బొమ్మ ఎక్కించుకునే మా కార్డుకు చోటుండదు. పైగా దానికి విడిగా కరెంటు వైరు కావాలట. ఇంకోటి అడిగాను. వెతికి వెతికి పల్చటిది, రెండు గాట్లున్నది తెచ్చాడు. వేరే వైరు అక్కర్లేదు. మెమరీ మా పాతదానికన్నా బాగా ఎక్కువే.

ఇంటికొచ్చి బిగించి స్విచ్ వేస్తే కీచుమని కూతలు. తెర నల్లగానే ఉంది.

"అయిపోనాది" అన్నారు మా ఆయన, కుర్చీలో కూలబడి.

నేను ప్లగ్గు పీకి, కార్డును మళ్ళీ ఓసారి తడిమి చూశాను. ఒక చివర కొంచెం పైకి లేచి ఉంది. రెండు బొటనవేళ్ళతో నొక్కితే టక్కున దిగింది. ఈసారి తెర వెలిగింది. పెళ్ళి ఫైలు తెరిచాను. పందిట్లో ముసలమ్మ, చేతులు ఊపుతూ పాడుతోంది. ఆగకుండా, గీతలు లేకుండా, గొంతుతో సహా.

"ఉన్నాదే!" అని మా ఆయన పెద్దగా నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సీడీ తీసుకునే ముందు ఒక్కసారి చూస్తానన్నాడు డొంకూరాయన. తల్లి కనబడగానే తెరకు దగ్గరగా జరిగాడు. పాట అయిపోయింది.

"మళ్ళీ ఎయ్యి సెల్లీ" అన్నాడు.

మళ్ళీ వేశాను.