జపాను విమానానికి పెట్టిన బొట్టు

మా తాత ఏలూరులో సైకిలు షాపు నడిపాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషువాళ్ల వైమానిక దళంలో మెకానిక్‌గా ఉన్నానని, మలయాలో చేజిక్కిన జపాను యుద్ధవిమానాన్ని తన చేతులతో బాగుచేశానని, ఆయుధపూజ నాడు దానికి పసుపు రాసి బొట్లు పెట్టానని కనబడినవాళ్లందరికీ చెప్పేవాడు. ఒక్కరూ నమ్మలేదు. విమానం తోక మీది నంబరు కూడా గడగడా అప్పజెప్పేవాడు. వీధి పిల్లలు ఆ నంబరునే ఎక్కంలా అరుస్తూ ఆయన వెంటపడేవారట. ఆ పిల్లల్లో మా నాన్న ఒకడు.

ఈ సంగతి నాన్న నాకు చెప్పింది డెబ్బై ఆరో ఏట, ఇంగ్లండులోని క్రోయిడన్‌లో మా ఫ్లాట్ కిటికీ దగ్గర నిలబడి. ఆర్నెల్ల వీసా మీద వచ్చాడు. లండన్ చూపిస్తానంటే వద్దన్నాడు.

"ఆ విమానాన్ని ఓడలో ఈ దేశానికే తెచ్చేరని మీ తాత అనేవాడమ్మా. ఏమైందో కనుక్కో. ఆయన చెప్పింది నిజమో కాదో తేలకుండా నేను పోకూడదు."

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎదుటివాళ్ల పనిలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం, ఇంట్లోనూ ఆ బుద్ధి పోదని మా ఆయన గొణుగుతాడు. దాచడమెందుకు, తాతవి వట్టి కోతలని తేల్చేసి నాన్నను ఊరుకోబెడదామనే మొదలుపెట్టాను.

ముందు ఒక మ్యూజియంలో జపాను విమానం ఉందని తెలిసి, ఇద్దరం రెండు రైళ్లు మారి వెళ్లాం. నంబరు వేరు. నాన్న దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఇది కాదు" అని బయటికి నడిచాడు. ఆ రోజు నుంచి నాకు కుదురు లేకుండా పోయింది. ఆఫీసు మీటింగుల్లో ఈమెయిళ్లు చూసుకునేదాన్ని. జవాబు రాకపోతే కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని. పొయ్యి మీద పప్పు రెండుసార్లు మాడింది.

చివరికి పాత విమానాల వివరాలు సేకరించే ఒక పెద్దాయన రాశాడు. ఆ నంబరు విమానం ఓడలో వచ్చిన మాట నిజమే. కొన్నాళ్లు షెడ్డులో పడి ఉంది. తర్వాత నరికి తుక్కుకింద కరిగించేశారు.

"పోయిందన్నమాట" అన్నాడు నాన్న. ఆ పూట అన్నం సరిగా తినలేదు.

అక్కడితో ఆగవచ్చు. నేను ఆగలేకపోయాను. నంబరు ఎవరి నోటనో విని ఉండవచ్చు కదా? తాత ఆ విమానాన్ని ముట్టుకున్నాడనడానికి రుజువేది? నాన్న తిరుగు ప్రయాణానికి వారం ఉందనగా, సెలవు పెట్టి, ఆయన్ని వెంటబెట్టుకుని ప్రభుత్వ దస్తావేజులు దాచే భవనానికి వెళ్లాను. అక్కడ పెన్ను ముట్టనివ్వరు, పెన్సిలే వాడాలి. మాట్లాడితే గుసగుసగానే. నాలుగు ఫైళ్లు తిప్పినా ఏమీ దొరకలేదు. నాన్న పక్క కుర్చీలో మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు. నాకు ఆయన మీద, తాత మీద, నా మీద కూడా చిరాకు పుట్టింది.

అయిదో ఫైల్లో ఆ విమానం ఉంది. ఓడ ఎక్కించేముందు మలయాలో ఒక తెల్ల అధికారి తనిఖీ చేసి టైపు చేయించిన కాగితం. ఇంజను, రెక్కలు, తుపాకులు, అన్నింటి గురించీ రాసి, చివర్లో ఇంకొక సంగతి చేర్చాడు. ముక్కు మీద పసుపు రంగు పూత, దాని మీద ఎర్రటి చుక్కలు మూడు ఉన్నాయట. జపాను దళం గుర్తు కావచ్చట. తుడిపించేశాడట.

నాన్న చెవి దగ్గరికి వంగి తెలుగులో చెప్పాను.

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. నేనైతే లేచి గంతులు వేసేటట్టున్నాను. ఆయన కళ్లజోడు తీసి, ఆ కాగితాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు.

"ఆస్పత్రిలో ఆఖరి రోజున మీ తాత నర్సమ్మకి ఈ బొట్ల సంగతే చెప్పబోయేడమ్మా. నేను మధ్యలో అడ్డంపడి, పట్టించుకోకండి, కోతలు కొయ్యడం ఆయనకి అలవాటే అన్నాను. నాకేసి ఒకసారి చూసేడు. తర్వాత ఇంక ఎవరితోనూ మాట్లాడలేదు."