కేబుల్ తగిలించని సర్వర్

దెయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. అలాగని నన్ను నేను నమ్ముకోదగ్గవాణ్ణనీ చెప్పను. కేబుల్ తగిలించకుండానే సర్వర్‌కి నెట్‌వర్క్ మీద ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టిన ఘనుణ్ణి. పోనీ, అదైనా క్షమించొచ్చు. ఆ తర్వాత చేసిన పనికి మాత్రం ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకుంటాను.

ఉమ్‌హ్లాలి దగ్గర ఓ చెరకు మిల్లు. దక్షిణాఫ్రికా కొత్త జెండా రంగు ఇంకా వెలిసిపోని రోజులు. హైదరాబాద్ నుంచి నేనూ అంతే కొత్తగా దిగాను. లారీల చెరకు తూచే కాటాకి, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే సర్వర్ పెట్టడం నా పని. ఆ మధ్యాహ్నమే క్రషింగ్ మొదలు. మొదటి లారీ వచ్చేసరికి సర్వర్ లేవకపోతే నా కాంట్రాక్టు అక్కడితో సరి అన్నాడు మేనేజరు.

నా పద్ధతంటే నాకు మహా గర్వం. జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసి ఫ్లాపీలో పెడతాను. సర్వర్ అది చదివి, ఫలానా నెట్‌వర్క్ కార్డుకి ఫలానా అడ్రసు అని తనే పెట్టుకుని, ఆఫీసులోని పెద్ద సర్వర్ నుంచి లినక్స్ మొత్తం కేబుల్ మీదుగా తెచ్చుకుంటుంది. మనిషితో పనిలేదు. ఫ్లాపీ పెట్టి, గదికి తాళం వేసి, బ్రెడ్డు తొలిచి కూర నింపే బన్నీ చౌ తినడానికి పోయాను.

తిరిగొచ్చేసరికి తెర మీద లాగిన్ అడుగుతోంది! నేను రాసిన అడ్రసే. ప్రోగ్రాములన్నీ ఉన్నాయి. గంతేసి, కాటా ఆఫీసులో పనిచేసే పార్వతక్కను పిలిచాను. ఆవిడ ముత్తాతలు చెరకు నరకడానికి కోస్తా నుంచి ఓడెక్కినవాళ్లు. తెలుగు ఇంకా కాస్త నోట్లో మిగిలింది.

ఆవిడ బల్లకేసి చూసింది. "ఇది దేనికి, తమ్ముడూ?"

కేబుల్. ప్లాస్టిక్ సంచిలోనే, షాపువాడు కొట్టిన పిన్నుతో సహా.

సర్వర్ వెనక్కి పరిగెత్తాను. దానికున్న నెట్‌వర్క్ కార్డులు రెండూ ఖాళీ. డిస్కు ఆ పొద్దున డబ్బాలోంచి తీసినదే. సీడీ డ్రైవే లేదు, ఫ్లాపీలో అంత పట్టదు. మరి లినక్స్ ఎటునుంచి వచ్చినట్టు?

భయం కాదు, ఒళ్లంతా ఉత్సాహం! ఇంజనీరన్నవాడు అప్పుడేం చేస్తాడు? మళ్లీ జరుగుతుందేమో చూస్తాడు. అదే ఫ్లాపీతో మళ్లీ మొదలుపెట్టాను. డిస్కు తుడిచెయ్యమని అందులో నేనే రాశాను.

తుడిచేసింది. ఆగిపోయింది. నెట్‌వర్క్ దొరకలేదట.

"హావ్! బాగున్నదాన్ని తుడిచేసినావా? మ్యాడ్ ఆ నువ్వు? లారీ గేటుకాడ ఉంది!" అని అరిచింది అక్క.

సంచి చింపి కేబుల్ తగిలించాను. అయినా కదల్లేదు. లినక్స్ కార్డుల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది. నా తెలివీ ఆ లెక్కలోదే. ఫైల్లో సున్నా కార్డని రాసి, పైదే సున్నా అనుకుని పైదానికి తగిలించాను. ఆ మిషన్‌కి కిందిది సున్నా.

కేబుల్ మార్చి మళ్లీ మొదలుపెట్టాను. అక్క బయటికెళ్లి డ్రైవరుకి టీ ఇప్పించి, ఇంగ్లీషూ జూలూ కలిపి ఇంటిల్లిపాది క్షేమమూ అడిగింది. ఆవిడ పరామర్శలు అయ్యేలోపు సర్వర్ లేచింది, లారీ కాటా ఎక్కింది, నా కాంట్రాక్టు నిలిచింది.

ఎవరికి చెప్పినా "నువ్వే తగిలించి, తీసి, మర్చిపోయుంటావు" అంటారు. తీసి, సంచిలో పెట్టి, పిన్ను కూడా కొట్టానా? అంత శుభ్రత నాకు లేదని మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది. నాకైతే ఇప్పటికీ అంతుపట్టలేదు.

సీజను అయ్యాక ఆ సున్నా కార్డు ఊడబీకి, మేనేజరు కంప్యూటర్లో బిగించాను.

"మరి కేబుల్ ఏదీ?" అన్నాడు.

"దీనికి అక్కర్లేదు సార్," అని చెప్పి వచ్చేశాను.